2025లో భారత్‌లో రాక్ కచేరీలు: అభిమానికి గుర్తుండిపోయిన రాత్రులు, వాటి వెనకున్న లెక్కలు

కోల్డ్‌ప్లే, గ్రీన్ డే, గన్స్ ఎన్ రోజెస్. 2025 జనవరి నుంచి మే వరకు అయిదు నెలల్లోపే ఈ మూడు బ్యాండ్లూ భారత్‌లో వేదికెక్కాయి. ఇరవై ఏళ్ల కిందట ఒక పెద్ద విదేశీ రాక్ బ్యాండ్ వచ్చిందంటే దేశమంతా ఏళ్ల తరబడి చెప్పుకునేది. ఇప్పుడు ఏ కచేరీకి వెళ్లాలి, దేనికి డబ్బు దాచుకోవాలి అని అభిమాని లెక్క వేసుకునే పరిస్థితి వచ్చింది.

అయితే టికెట్ దొరకడం, మైదానంలోకి క్షేమంగా వెళ్లి రావడం, రాత్రి ఇంటికి చేరడం మాత్రం ఇప్పటికీ సులువు కాలేదు. 2025లో రాక్ అభిమానులు ఎక్కువగా మాట్లాడుకున్న కచేరీలు ఏవి? అవి ఎందుకు ప్రత్యేకం? ఇక్కడిదాకా రావడానికి ఎంత కాలం పట్టింది? మన దగ్గర ఇంకా కుదరనివి ఏమిటి?

కోల్డ్‌ప్లే: అయిదు రాత్రులు, రెండు నగరాలు

జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబయిలోని డీవై పాటిల్ స్టేడియంలో, 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే కచేరీలు జరిగాయి. ఇవి 2022లో మొదలైన 'మ్యూజిక్ ఆఫ్ ది స్పియర్స్' ప్రపంచ యాత్రలో భాగం. అహ్మదాబాద్‌లో ఒక్కో రాత్రి లక్ష మందికి పైగా వచ్చారు. రిపబ్లిక్ డే నాటి చివరి కచేరీని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు.

ఈ బ్యాండ్ భారత్‌కు రావడం ఇదే మొదటిసారి కాదు. 2016 నవంబరు 19న ముంబయిలో జరిగిన 'గ్లోబల్ సిటిజన్' ఉత్సవంలోనూ వాయించింది. కానీ అది అనేకమంది కళాకారులు పాల్గొన్న సభ. 2025లో జరిగింది పూర్తిస్థాయి కోల్డ్‌ప్లే ప్రదర్శన.

ఆ ప్రదర్శనలో సగం పని ప్రేక్షకుల చేతికి కట్టిన పట్టీలది. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఒక ఎల్‌ఈడీ పట్టీ ఇస్తారు. పాటను బట్టి అవన్నీ ఒకేసారి రంగులు మారతాయి. వేదికకు చాలా దూరంగా, పై వరుసలో కూర్చున్న మనిషి కూడా ఆ వెలుగులో భాగమవుతాడు. స్టేడియం కచేరీల్లో ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఇదే: వెనక కూర్చున్నవాళ్లకు గాయకుడు చీమంత కనిపిస్తాడు. కోల్డ్‌ప్లే ఆ దూరాన్ని వెలుతురుతో తగ్గించింది. సంగీతపరంగా ఇది రాక్ కాదు, పాప్ అని వాదించే అభిమానులు ఉన్నారు. ఆ వాదన పాతదే. కానీ లక్ష మంది గొంతు కలిపిన పాటను విన్నవాళ్లు దాన్ని ఏ గదిలో పెట్టాలన్న చర్చకు పెద్ద విలువ ఇవ్వరు.

ముంబయిలో గాయకుడు క్రిస్ మార్టిన్ క్రికెటర్ జస్‌ప్రీత్ బుమ్రా పేరుతో చేసిన సరదా ప్రస్తావన వైరల్ అయింది. ఆ తర్వాత అహ్మదాబాద్ కచేరీకి బుమ్రా స్వయంగా హాజరయ్యారు. కచేరీ ముగిసిన మర్నాడు కూడా జనం మాట్లాడుకునేది ఇలాంటి స్థానిక ముచ్చట్ల గురించే.

గ్రీన్ డే: ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన బ్యాండ్

మార్చి 8, 9 తేదీల్లో ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో 'లోలాపలూజా ఇండియా' మూడో విడత జరిగింది. అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ గ్రీన్ డే అందులో ప్రధాన ఆకర్షణ. బ్యాండ్ భారత్‌లో వాయించడం ఇదే తొలిసారి.

గ్రీన్ డేకు పేరు తెచ్చిన 'డూకీ' ఆల్బమ్ 1994లో వచ్చింది. ఇరాక్ యుద్ధకాలపు అమెరికాను ఎత్తిపొడిచిన 'అమెరికన్ ఇడియట్' 2004లో విడుదలైంది. మన దేశంలో మొదటిదాన్ని క్యాసెట్లలో విన్న తరం ఒకటి, రెండోదాన్ని కంప్యూటర్లలో ఫైళ్లు మార్చుకుంటూ, మ్యూజిక్ చానళ్లలో చూస్తూ పెరిగిన తరం మరొకటి. ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో గిటారు నేర్చుకున్నవాళ్లు చాలామంది మొదట పట్టుకున్నది ఈ బ్యాండ్ పాటలనే. కారణం సులభం. మూడు నాలుగు కార్డ్‌లు వస్తే చాలు, పాట మొత్తం వాయించవచ్చు. పంక్ సంగీతం పుట్టిందే ఆ నమ్మకం మీద.

అందుకే ఈ కచేరీకి వచ్చినవాళ్లలో నలభైకి దగ్గరపడ్డవారు, వారికంటే ఇరవై ఏళ్లు చిన్నవారు పక్కపక్కనే నిలబడ్డారు. ఉత్సవాల్లో జరిగే కచేరీలకు ఒక పరిమితి ఉంది. ఒకే మైదానంలో నాలుగైదు వేదికలుంటాయి, సమయం కొలిచి ఇస్తారు, వచ్చినవాళ్లంతా ఆ ఒక్క బ్యాండ్ కోసం రారు. ఒక లాభమూ ఉంది. ఒకే టికెట్ మీద పేరున్న బ్యాండ్‌తో పాటు, అంతకుముందు ఎన్నడూ వినని మన బ్యాండ్లను వినే అవకాశం దొరుకుతుంది.

గన్స్ ఎన్ రోజెస్: ఈసారి స్లాష్‌తో

మే 17న అదే మహాలక్ష్మి రేస్‌కోర్సులో గన్స్ ఎన్ రోజెస్ కచేరీ జరిగింది. ఈ బ్యాండ్ 2012 డిసెంబరులో బెంగళూరు, ముంబయి, గురుగ్రామ్‌లలో వాయించింది. అప్పుడు గాయకుడు ఆక్సెల్ రోజ్ ఉన్నారు కానీ, గిటారిస్టు స్లాష్, బాస్ గిటారిస్టు డఫ్ మెక్‌కేగన్ బ్యాండ్‌లో లేరు. ఆ ఇద్దరూ 2016లో తిరిగి వచ్చి చేరారు. పాత ఆల్బమ్‌లు విని పెరిగినవాళ్లకు 2025 కచేరీ అంటే ఆ ముగ్గురినీ ఒకే వేదిక మీద భారత్‌లో చూసిన తొలి రాత్రి.

సమయం కూడా మామూలుది కాదు. భారత్, పాకిస్తాన్ మధ్య సైనిక ఘర్షణ ఆగి అప్పటికి వారం రోజులే అయింది. మే 9న నిలిచిపోయిన ఐపీఎల్ మళ్లీ మొదలైంది మే 17ననే. ఆ రోజుల్లో దేశంలో కొన్ని సంగీత కార్యక్రమాలు వాయిదా పడ్డాయి. ఈ కచేరీ జరుగుతుందో లేదోనని టికెట్ కొన్నవాళ్లు చివరి వారం దాకా వార్తలు చూస్తూనే గడపాల్సి వచ్చింది.

బ్యాండ్లు ఇప్పుడే ఎందుకు వస్తున్నాయి?

సమాధానం చాలావరకు దారిలో ఉంది. పెద్ద బ్యాండ్ అంటే నలుగురు సంగీతకారులు కాదు. వేదిక, స్క్రీన్లు, స్పీకర్లు, లైట్లు, వాటిని నడిపే వందలమంది మనుషులు. ఆ సరుకంతా విమానాల్లో, ఓడల్లో కదలాలి. ఒక్క నగరం కోసం ఎవరూ అంత దూరం తేరు. ముందూ వెనకా మరికొన్ని నగరాలు కలిసిరావాలి.

కోల్డ్‌ప్లే ముంబయికి ముందు అబుదాబీలో వాయించింది. గన్స్ ఎన్ రోజెస్ దక్షిణ కొరియా, జపాన్, తైవాన్, థాయ్‌లాండ్ చూసుకుని ముంబయి వచ్చి, ఇక్కడినుంచి సౌదీ అరేబియా వెళ్లింది. ఒకవైపు గల్ఫ్ దేశాలు, మరోవైపు తూర్పు ఆసియా పెద్ద కచేరీ కేంద్రాలుగా ఎదగడంతో, ఆ రెండింటి నడుమ ఉన్న భారత్ దారిలో మజిలీ అయింది.

డబ్బు ఖర్చుపెట్టగల యువ ప్రేక్షకులు పెరగడం రెండో కారణం. 2025 జనవరి 28న భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ కోల్డ్‌ప్లే కచేరీలను ప్రస్తావించి, కచేరీల ఆర్థిక వ్యవస్థకు దేశంలో ఎంత అవకాశం ఉందో చెప్పారు. హోటళ్లు, రైళ్లు, టాక్సీలు, తిండి అంగళ్లు.. ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. అహ్మదాబాద్ కచేరీల కోసం పశ్చిమ రైల్వే ముంబయి నుంచి ప్రత్యేక రైళ్లు నడిపింది.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం?

మన దేశంలో రాక్ కచేరీల చరిత్ర యాభై ఏళ్లు దాటింది. 1970, 71లలో ఒక సిగరెట్ కంపెనీ తన బ్రాండ్ పేరుతో నడిపిన 'సిమ్లా బీట్' పోటీలు దేశం నలుమూలల నుంచి కుర్రాళ్ల బ్యాండ్లను ఒకచోట చేర్చాయి. వాటి రికార్డులను ఇప్పటికీ విదేశీ సేకర్తలు వెతుక్కుంటుంటారు. 1980 మార్చిలో బ్రిటిష్ బ్యాండ్ 'ది పోలీస్' బొంబాయిలో వాయించింది.

1988 సెప్టెంబరు 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నిర్వహించిన 'హ్యూమన్ రైట్స్ నౌ' కచేరీ ఒక మైలురాయి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌డూర్ ఒకే రాత్రి పాడారు.

ఆర్థిక సరళీకరణ తర్వాత రాకపోకలు పెరిగాయి. 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ బెంగళూరు, ముంబయిలలో వాయించింది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన ఐరన్ మెయిడెన్ కచేరీ దేశంలోని హెవీ మెటల్ అభిమానులకు పండగ. వారికంటే ముందు ఢిల్లీ బ్యాండ్ 'పరిక్రమ' వేదికెక్కింది. అదే ఏడాది ఆ బ్యాండ్ ఇంగ్లండ్‌లోని డౌన్‌లోడ్ ఉత్సవంలోనూ వాయించింది.

2011 అక్టోబరులో మెటాలికా రాక ఒక దెబ్బనూ, ఒక ఆనందాన్నీ మిగిల్చింది. అక్టోబరు 28న గురుగ్రామ్‌లో జరగాల్సిన కచేరీ భద్రతా కారణాలతో రద్దయింది. గంటల తరబడి ఎదురుచూసిన జనం వేదిక మీదికెక్కి సామగ్రిని ధ్వంసం చేశారు. నిర్వాహకులను పోలీసులు అరెస్టు చేశారు. రెండు రోజుల తర్వాత బెంగళూరులో అదే బ్యాండ్ కచేరీ జరిగింది. ప్రేక్షకులు, ఏర్పాట్లు, జవాబుదారీతనం.. ఈ మూడింటిలో ఏది తప్పినా ఏమవుతుందో ఆ రెండు రోజులు చూపించాయి.

2019 డిసెంబరు 15న డీవై పాటిల్ స్టేడియంలో యూటూ కచేరీ జరిగింది. అందులో ఏఆర్ రెహమాన్ కూడా పాలుపంచుకున్నారు. కోవిడ్‌కు ముందు దేశంలో జరిగిన చివరి భారీ రాక్ కచేరీల్లో అదొకటి.

టికెట్ ఎవరికి దొరుకుతుంది?

కోల్డ్‌ప్లే టికెట్ల అమ్మకం 2024 సెప్టెంబరు 22న మొదలైంది. ధరలు 2,500 నుంచి 35,000 రూపాయల వరకు. కోటి మందికి పైగా ఒకేసారి వెబ్‌సైట్ మీద పడ్డారు. నిమిషాల్లో టికెట్లు అయిపోయాయి. కొద్ది సేపటికే అవే టికెట్లు ఇతర వెబ్‌సైట్లలో ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు కనిపించాయి. వాటిలో కొన్ని నకిలీవి.

ముంబయి పోలీసులు టికెటింగ్ సంస్థ అధికారులను పిలిపించి విచారించారు. మరుసటి నెల ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు చేసింది. టికెట్ల బ్లాక్ మార్కెట్‌ను అరికట్టడానికి మార్గదర్శకాలు కావాలంటూ బొంబాయి హైకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం 2025 జనవరిలో కొట్టివేతకు గురైంది. చట్టాలు చేయడం చట్టసభల పని అన్నది కోర్టు వైఖరి.

సమస్య మూలం అక్కడే ఉంది. కచేరీ టికెట్‌ను అసలు ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మడాన్ని నేరుగా నిషేధించే కేంద్ర చట్టం మనకు లేదు. ఐర్లండ్ 2021లో ప్రత్యేక చట్టం తెచ్చి, పెద్ద వేదికల్లో జరిగే కచేరీలు, ఆటల టికెట్లను ముఖవిలువకు మించి తిరిగి అమ్మడాన్ని నిషేధించింది. మన దగ్గర సినిమా హాలు ముందు బ్లాకులో టికెట్లు అమ్మేవాడిని పట్టుకోవడానికి కొన్ని రాష్ట్రాల్లో పాత నిబంధనలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో, సాఫ్ట్‌వేర్ సాయంతో వందలకొద్దీ టికెట్లు ఎత్తేసేవాళ్లకు ఆ నిబంధనలు సరిపోవు.

టికెట్ ధరతో ఖర్చు ఆగదు. 500 రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. పైగా బుకింగ్ రుసుము, ప్రయాణం, హోటల్. కచేరీ తేదీ ప్రకటించగానే స్టేడియం చుట్టుపక్కల గదుల ధరలు రెక్కలు కట్టుకుంటాయి. హైదరాబాద్ నుంచో విశాఖపట్నం నుంచో వెళ్లే అభిమానికి టికెట్ కంటే మిగతా ఖర్చే ఎక్కువయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు.

రాత్రి పది గంటల నిబంధన

మన దేశంలో ఆరుబయట కచేరీ ఎంత ఊపులో ఉన్నా రాత్రి పదికి ఆగిపోతుంది. దీనికి ఆధారం 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన వేడుకల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. ఈ నిబంధనలను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది.

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం ఉంటుంది. ఈ నిబంధన ముంబయి రాక్ చరిత్రనే మార్చేసింది. ధోబీ తలావ్‌లోని రంగ్ భవన్ ఆరుబయలు వేదికలో 1986లో మొదలైన 'ఇండిపెండెన్స్ రాక్' ఎన్నో ఏళ్లు జరిగింది. దేశంలోని బ్యాండ్లకు అక్కడ వాయించడం అంటే పరీక్ష నెగ్గినట్లే. చుట్టూ ఆసుపత్రులు, కాలేజీలు ఉండటంతో అక్కడ కచేరీలు ఆగిపోయాయి.

నిబంధనను తప్పుపట్టడం తేలిక. కానీ పక్కనే ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగికి నిద్ర కావాలన్నది కాదనలేని మాట. లోటు మరోచోట ఉంది. ఒక వేదిక మూతపడినప్పుడు దాని స్థానంలో ఇంకొకటి కట్టాలన్న ఆలోచన నగరాల ప్రణాళికల్లో లేదు. రెండు మూడు వేలమంది పట్టే, ధ్వని బయటకు పోని, అద్దె భరించగలిగే సభాస్థలాలు మన నగరాల్లో అరుదు. లక్షమంది పట్టే స్టేడియం ఉంది, వందమంది పట్టే పబ్బు ఉంది. కొత్త బ్యాండ్లు ఎదగాల్సింది ఆ రెండింటి మధ్య. అక్కడే ఖాళీ.

ఢిల్లీ మెటల్ బ్యాండ్ 'బ్లడీవుడ్' ప్రయాణం ఇందుకు ఉదాహరణ. ఢోల్, పంజాబీ, హిందీ మాటలు కలిపిన ఈ బ్యాండ్ ఇంటర్నెట్ వీడియోలతో పేరు తెచ్చుకుని, 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది. 2025లో 'నూ ఢిల్లీ' ఆల్బమ్ తెచ్చింది. సొంత దేశంలో కంటే విదేశీ ఉత్సవాల వేదికల మీదే దీనికి పెద్ద ప్రేక్షకులు దొరికారు.

గుంపు ఎప్పుడు ప్రమాదం అవుతుంది?

1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ది హూ' కచేరీకి తలుపులు తెరుచుకునే వేళ తోపులాటలో 11 మంది చనిపోయారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డ్ ఉత్సవంలో పెర్ల్ జామ్ వాయిస్తుండగా తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మన దగ్గర 2023 నవంబరు 25న కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో సంగీత కార్యక్రమానికి ముందు జరిగిన తొక్కిసలాటలో నలుగురు మరణించారు. వాన పడగానే బయట ఉన్నవాళ్లు లోపలికి తోసుకురావడం, కిందికి దిగే మెట్లు, ఇరుకైన దారి అక్కడ ప్రాణాలు తీశాయి.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వద్ద ఐపీఎల్ విజయోత్సవంలో 11 మంది చనిపోయారు. అది కచేరీ కాదు. కానీ కారణాలు అవే: ఎంతమంది వస్తారో అంచనా లేకపోవడం, ద్వారాల దగ్గర ఒత్తిడి, సరైన సమాచారం అందకపోవడం. ఆ ఘటన తర్వాత కర్ణాటక ప్రభుత్వం జనసమూహాల నియంత్రణకు బిల్లు తెచ్చింది. అంతకు ఆరు నెలల ముందు, 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయిన సంగతి తెలుగువారికి తెలిసిందే.

ఇలాంటి మరణాల్లో చాలావరకు కాళ్ల కింద నలిగి సంభవించవు. నిలబడి ఉండగానే ఛాతీ మీద ఒత్తిడి పెరిగి ఊపిరాడక సంభవిస్తాయి. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మనిషి తన ఇష్టం మీద కదలలేడు. గుంపు నీటి అలలా కదులుతుంది, మనిషి దానితో పాటు కొట్టుకుపోతాడు. అందుకే నిలబడే ప్రాంతాన్ని అడ్డుకట్టలతో చిన్న భాగాలుగా విడగొట్టడం, వేదిక ముందు ఖాళీ ఉంచడం, అవసరమైతే పాట మధ్యలోనే ఆపే అధికారం ఒకరికి ఇవ్వడం ముఖ్యం. ఇవన్నీ ఖర్చుతో కూడినవే. టికెట్ ధరలో ఆ ఖర్చు ఉందా లేదా అని అడిగే హక్కు కొన్నవాళ్లకు ఉంది.

ఈశాన్యంలో రాక్ ఊరి సంగీతమే

ముంబయి, బెంగళూరులకు అవతల రాక్‌కు గట్టి పునాది ఉన్న ప్రాంతం ఈశాన్యం. చర్చి గాయక బృందాలు, మిషనరీ బడుల ద్వారా గిటారు, శ్రుతి కలిపి పాడే పద్ధతి అక్కడి ఇళ్లలోకి వచ్చాయి. షిల్లాంగ్‌లో గాయకుడు లౌ మజావ్ 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజును పాటలతో జరుపుతున్నారు. 2007లో జర్మన్ బ్యాండ్ స్కార్పియన్స్ అదే నగరంలో వాయించింది. కెనడా గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ 2024 డిసెంబరు యాత్రలోనూ షిల్లాంగ్ ఉంది.

నాగాలాండ్‌లో ఏటా డిసెంబరు 1 నుంచి 10 వరకు కొహిమా దగ్గరి కిసామాలో జరిగే హార్న్‌బిల్ ఉత్సవంలో రాక్ పోటీలకు ప్రత్యేక స్థానం ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012లో మొదలైన సంగీతోత్సవానికి వేదికను స్థానిక అపతానీలు వెదురుతో కడతారు. పొలాల మధ్య, తక్కువ జనంతో జరిగే ఈ ఉత్సవానికి వెళ్లినవాళ్లు చాలామంది స్టేడియం కచేరీల కంటే దాన్నే ఇష్టపడతారు.

సరిహద్దుకు అటువైపు

దక్షిణాసియాలో రాక్‌కు రాజకీయాలతో ముడి మొదటినుంచీ ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్ కోరిక మీద జార్జ్ హారిసన్ 'కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్' నిర్వహించారు. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ పాల్గొన్నారు. రెండు ప్రదర్శనలకు కలిపి దాదాపు 40 వేల మంది వచ్చారు. శరణార్థుల సాయానికి పెద్ద ఎత్తున రాక్ కచేరీ పెట్టడం అనే పద్ధతికి అదే తొలి నమూనా.

అదే యుద్ధంలో గెరిల్లాగా పోరాడిన ఆజం ఖాన్ స్వతంత్ర బంగ్లాదేశ్‌లో పాప్, రాక్ సంగీతానికి ఆద్యుడయ్యారు. గిటారిస్టు అయూబ్ బచ్చు 2018 అక్టోబరు 18న మరణించినప్పుడు ఢాకా, చిట్టగాంగ్‌లలో జనం వీధుల్లోకి వచ్చి వీడ్కోలు పలికారు.

పాకిస్తాన్ బ్యాండ్ 'జునూన్' సూఫీ కవిత్వాన్ని ఎలక్ట్రిక్ గిటారుతో కలిపింది. 1998 అణుపరీక్షల సమయంలో భారత్‌లో పర్యటిస్తూ శాంతి గురించి మాట్లాడినందుకు స్వదేశంలో ప్రసార నిషేధం ఎదుర్కొంది. 2008 మే 25న బెదిరింపుల నడుమే శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున వాయించింది. అదే లోయలో 2013లో ముగ్గురు అమ్మాయిల రాక్ బ్యాండ్ 'ప్రగాశ్' ఆన్‌లైన్ బెదిరింపులు, ఫత్వా తర్వాత వాయించడం మానేసింది. ఏ పాటను ఎవరు పాడవచ్చన్నది ఈ ప్రాంతంలో ఎప్పుడూ చిన్న ప్రశ్న కాదు.

తెలుగు నగరాల సంగతేమిటి?

చాలాకాలం హైదరాబాద్ అభిమానికి పెద్ద కచేరీ అంటే రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లడమే. ఈ పరిస్థితి కొంత మారుతోంది. 2024 డిసెంబరు 16న బ్రయాన్ ఆడమ్స్, 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ పాడారు. షీరన్ రాక్ గాయకుడు కాకపోయినా, అదే యాత్రలో బెంగళూరులో శిల్పారావుతో కలిసి 'దేవర' చిత్రంలోని తెలుగు పాట 'చుట్టమల్లే' పాడటం తెలుగువారిని ఆనందపరిచింది.

కానీ స్టేడియం స్థాయి రాక్ బ్యాండ్లు 2025లోనూ ముంబయినే ఎంచుకున్నాయి. హైదరాబాద్‌లో తెలుగు పాటను గిటారు, డ్రమ్స్‌తో కలిపే 'చౌరస్తా', 'కాప్రీషియో' లాంటి బృందాలు ఉన్నాయి. వాటికి కావాల్సింది విదేశీ బ్యాండ్లకు కావాల్సిందే: నిలకడగా దొరికే, అనుమతులు తేలిగ్గా వచ్చే, క్షేమమైన వేదిక. విశాఖపట్నం, విజయవాడ, వరంగల్‌లలో ఆ అవసరం మరీ ఎక్కువ.

కచేరీకి వెళ్లేవారు గమనించాల్సినవి

- టికెట్‌ను అధికారిక వేదిక నుంచే కొనాలి. స్క్రీన్‌షాట్ టికెట్ కాదు. దాన్నే పదిమందికి అమ్మే వీలుంటుంది.
- కచేరీ రద్దయితే డబ్బు ఎప్పుడు, ఎలా తిరిగి వస్తుందో కొనేముందే నిబంధనల్లో చదవాలి. బుకింగ్ రుసుము తిరిగి రాకపోవచ్చు.
- సంగీత వేదికల్లో సగటు ధ్వని 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. చవకైన ఇయర్ ప్లగ్‌లు కూడా మేలు చేస్తాయి. పిల్లలకు చెవి రక్షణ తప్పనిసరి.
- లోపలికి వెళ్లగానే, వచ్చిన దారి కాకుండా మరో బయటి దారి ఎక్కడుందో చూసుకోవాలి.
- గుంపులో చేతులు ఛాతీ ముందు బాక్సర్‌లా ఉంచితే ఊపిరికి చోటు ఉంటుంది. తోపుకు ఎదురు వెళ్లకుండా, అల తగ్గినప్పుడల్లా పక్కకు జరగాలి. పడిపోయినవాళ్లను వెంటనే లేపాలి.
- తిరుగు ప్రయాణం ముందే ఖరారు చేసుకోవాలి. అరలక్ష మంది ఒకేసారి ఫోనులో టాక్సీ వెతికే చోట నెట్‌వర్క్ కూడా దొరకదు.

2025లో భారత్‌కు వచ్చిన బ్యాండ్ల జాబితా ఏ ఆసియా దేశంతోనైనా పోటీ పడగలదు. ఇకముందు రావాల్సిన మార్పులు వేదిక మీద కనిపించేవి కావు. టికెట్ల పునర్విక్రయంపై చట్టం, మధ్యస్థాయి సభాస్థలాలు, ద్వారాల దగ్గర లెక్కపెట్టే వ్యవస్థ.. ఈ మూడూ ప్రభుత్వాలు, నగరపాలక సంస్థలు, నిర్వాహకులు చేయాల్సిన పనులు.